చెవుల వెనక వాతలు

తల దువ్వుదామని సుల్తానా జడ విప్పిన ఆరోగ్యమ్మకు, పిల్ల రెండు చెవుల వెనకా పచ్చి వాతలు కనబడ్డాయి.

కాలిన చర్మం ఇంకా చెమ్మగానే ఉంది.

"యేసయ్యా! ఎవరే నిన్నిట్టా కాల్చింది?"

అడిగాక నాలిక కరుచుకుంది. ఆరేళ్ళ సుల్తానాకు పుట్టుచెవుడు. మాటలు రావు. తల్లి లేదు. తండ్రి ఫరీద్ గురజాలలో లారీ మెకానిక్. అతను షెడ్డుకు పోతే పిల్లను చూసేది పక్కింటి ఆరోగ్యమ్మే.

ఆమె కేకలకు వీధంతా పోగయింది. ఫరీద్ గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకెవరు? అదే!" అంటూ వేలు చూపించాడు.

ఎదురుగా పాత టైరు మీద నెరిసిన జుట్టు ఆడమనిషి ఒకామె కూర్చుని ఉంది. వారం నుంచీ అక్కడే కనబడుతోంది. ఏ ఊరో ఎవరికీ తెలియదు. సుల్తానాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రేగుపళ్ళు తినిపిస్తుంటుంది. "ఎవరో పిచ్చిది, వదిలేయండి" అని మొన్నటిదాకా ఫరీదే అన్నాడు.

కిరాణా కొట్టు ఈశ్వరయ్య ఆమె రెక్క పట్టుకుని లేపాడు.

"ఏమే, పిల్లను కాల్చింది నువ్వేనా?"

ఆమె అతని నోటి వంక చూసింది.

"బెల్లం కొట్టిన రాయల్లే నిలబడ్డావేంది? పలకవే!"

ఆమె అతని పెదాలనే చూస్తూ, రేగుపళ్ళ మూట గుండెకు హత్తుకుంది.

"చూశారా? తప్పు చేసింది గనకే నోరు పెగలట్లా." చెంప మీద ఒక్కటిచ్చాడు.

సుల్తానా ఉరికొచ్చి ఆమె నడుం వాటేసుకుంది. ఫరీద్ పిల్లను లాగి ఆరోగ్యమ్మ చంకకెత్తాడు.

"నా బిడ్డకు మందేదో పెట్టింది! ముందు దీన్ని ఊరు దాటించండి!"

మాచర్ల బస్సు వచ్చింది. నలుగురూ కలిసి ఆమెను లోపలికి నెట్టారు.

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె చేతులు బయటపెట్టి వేళ్ళు తిప్పింది. సుల్తానా తన వేళ్ళు తిప్పింది. ఆమె మరోలా తిప్పింది. పిల్ల తలూపి, కళ్ళనీళ్ళతో ఇంకేదో బదులిచ్చింది.

ఆరోగ్యమ్మ ఆ వేళ్ళ వంకా, పిల్ల వేళ్ళ వంకా మార్చి మార్చి చూసింది. పిల్ల మాట్లాడుతోంది!

"ఆపండ్రా! ఆమెకూ చెవుడేరా! మీరడిగింది వినబడితే గదా పలకటానికి!"

బస్సు ఆగలేదు.

ఈశ్వరయ్య బుర్ర గోక్కున్నాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ఎవరు చెప్పాలయ్యా? ఆమా?"

జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆరోగ్యమ్మ పిల్లను ఇంట్లోకి తెచ్చి వాతలకు వెన్న రాస్తోంది. ఫరీద్ గుమ్మంలో అడుగుపెట్టాడు.

సుల్తానా చటుక్కున రెండు చెవులూ అరచేతులతో కప్పుకుని గోడకు అతుక్కుపోయింది.

ఏమీ వినబడని పిల్ల!

ఆరోగ్యమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"ఒరేయ్ ఫరీదూ, నిన్ను చూసి బిడ్డ చెవులెందుకు మూసుకుందిరా?"

అతను గడప మీద కూర్చుని గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నేనే పిన్నీ. వాత పెడితే మాటలొస్తాయన్నారు. ఎంత పిలిచినా పలకదు, చానా విసిగిపోయా. కాలుస్తుంటే ఆమె చూసి అడ్డమొచ్చింది. నోరులేనిదేగా, ఎవరికి చెబుతుందిలే అని ఆమె మీదికి నెట్టా."

"ఆమె నోరులేనిదని నీకెట్టా తెలుసు?"

ఫరీద్ తల ఎత్తలేదు.

"ఆమె మా అక్క. నాయన పోయాక ఏ ఊళ్ళో ఉంటందో కూడా నేను కనుక్కోలా. నా బిడ్డా తనలాగే పుట్టిందని ఎట్టా తెలిసిందో, వెతుక్కుంటా వచ్చింది. చిన్నప్పుడు మా నాయన అక్కకూ ఇట్టాగే వాతలు పెట్టాడు పిన్నీ. మాటలు రాలా. ఆరోజు కదలకుండా ఆమె కాళ్ళు పట్టుకుంది నేనే."