డాక్టరమ్మ రాసిన ముగింపు

అప్పలకొండ తాత దవడ రెండు చోట్ల విరిగింది.

కొట్టింది సూర్యారావు. 1994 ఎండాకాలం. భిలాయి స్టీలు ప్లాంటులో ఫస్ట్ షిఫ్ట్ దిగి, క్యాంప్ 2 బస్తీలో టీ తాగుతున్నాడు. రాజాం దగ్గర సూర్యారావు సొంతూరి నుంచి కూతురింటికి వచ్చిన తాత, రోడ్డు అవతల నుంచి అతన్ని చూసి "ఒరే చిన్నారావూ!" అని కేకేశాడు.

అంతే. సూర్యారావు గ్లాసు విసిరేసి వెళ్లి, చేతిలో ఉన్న స్టీలు క్యారియర్‌తో ముసలాయన మొహం మీద బాదాడు. పళ్లు రాలాయి. రక్తం బొటబొటా కారుతున్నా ఆగలేదు. "అరే భయ్యా, మర్ జాయేగా! చచ్చిపోతాడు!" అంటూ నలుగురు మీదపడి లాగితేగానీ వదల్లేదు. అప్పటికి క్యారియర్ సొట్టలు పోయింది.

చిన్నారావు సూర్యారావు తమ్ముడు. ఇరవై రెండేళ్ల కిందట అన్నకి ప్లాంటులో ఉద్యోగం వస్తే ఇద్దరూ భిలాయి వచ్చారు. వారం తిరక్కుండానే తమ్ముడు గూడ్సు కింద పడి చచ్చిపోయాడని ఊరికి ఉత్తరం వెళ్లింది. చూపు ఆనని తాత, పోలిక చూసి అన్నని తమ్ముడనుకున్నాడని అందరూ అన్నారు. సూర్యారావు ఆ ఉత్తరం తర్వాత ఊరి మొహమే చూడలేదు మరి.

మతి తప్పి కొట్టాడని మానసిక వైద్యురాలు రాసిస్తే ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే జైలు.

ఆ డాక్టరు ప్రసూన. ఆవిడకి కథల పిచ్చి. పత్రికలకి పంపినవన్నీ తిరుగు టపాలో వచ్చేసేవి, ముగింపు కుదరలేదని. రోగుల కథలకైతే తిప్పి పంపే సంపాదకుడు లేడు. మనసులో ముక్కలై పడున్నదాన్ని కథగా చెప్పేస్తే మనిషి తేలికపడతాడని ఆవిడ గట్టి నమ్మకం.

"మీ కథ కాదనుకోండి. ఎవరో ఇద్దరన్నదమ్ముల కథ అనుకుని చెప్పండి," అంది.

మూడు వారాలు సూర్యారావు కథ జోలికే పోలేదు. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"తాత నోరు కదలకుండా దవడకి కట్టిన తీగలు ఎప్పుడిప్పుతారమ్మా?"

పశ్చాత్తాపం, అని రాసుకుంది ప్రసూన.

నాలుగో వారం ఆవిడే చెప్పింది. "రేపు తీగలు తీస్తారు. ఇక మాట్లాడగలడు."

సూర్యారావు లేచి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఇద్దరన్నదమ్ములమ్మా. ఏడాదే తేడా. ఉద్యోగం కాయితం ఒక్కటే. దానికోసం సొక్కాలట్టుకున్నారు. ఒకడు పార అందుకున్నాడు. మూడు దెబ్బలు. రెండో దెబ్బకే తల పగిలి పేనం పోనాది. మూడోది ఎందుకేసినాడో ఆడికే తెల్దు. సవాన్ని ఈడ్సుకెల్లి పట్టాల మీదెట్టినాడు."

ఆగిపోయాడు.

ప్రసూనకి భయమేసింది, జాలేసింది. అయినా కథ ఆగిపోతే ఆవిడ ఊరుకోగలదా? మిగతాది తనే అందుకుంది.

"మీ పేరున వచ్చిన కాయితాన్ని తమ్ముడు లాక్కోబోయాడు. కోపం పట్టలేక కొట్టారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయారు. ఆ పేరు మళ్లీ చెవిన పడేసరికి ఒళ్లు తెలియలేదు. అంతేనా?"

సూర్యారావు పలకలేదు. మౌనాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టింది ప్రసూన. ఈ గదిలో చెప్పింది గది దాటదని మాటిచ్చింది. మతి తప్పి కొట్టాడని రిపోర్టు రాసి సంతకం పెట్టింది. జన్మలో మొదటిసారి ఒక ముగింపు తనకి చక్కగా కుదిరింది.

"రేపు వెళ్లి తాత కాళ్లమీద పడండి. పెద్దాయన ఏదో పొరపాటున పిలిచాడు. క్షమిస్తాడు."

సూర్యారావు తల అడ్డంగా ఊపాడు.

"తాత పొరపాటు పడనేదమ్మా, ఈ ఇరవై రెండేళ్లలో నన్ను నా పేరెట్టి పిలిసింది ఆ తాతొక్కడే."