చాచిన చెయ్యి

జాకెట్టు కుడుతూ కుడుతూ దర్జీ మళ్లీ ఎడమ చెయ్యి పక్కకి చాచింది.

కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. అరచెయ్యి మాత్రం ఎవరో ఏదో ఇస్తారన్నట్టు తెరుచుకుంది.

పక్కన ఎవరూ లేరు. గచ్చు మీద నాలుగు గుర్తులున్నాయంతే. అవి పాత బల్ల కాళ్ల గుర్తులని భర్త చెప్పాడు.

"ఛ, మళ్లీనా!" అంటూ చెయ్యి లాక్కుంది.

గుమ్మం దగ్గర ఇస్త్రీ చేస్తున్న భర్త నవ్వాడు. "పోనీలే, చెయ్యే కదా. ఎక్కడికీ పారిపోలేదుగా."

"మీకు నవ్వులాటగా ఉంది. ఇది పోయేదాకా నా జబ్బు పోనట్టే."

ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురుతిరిగి మెదడు మీద పడిందని, అందుకే మెదడు వాచిందని డాక్టరు చెప్పాడు. ఆ రోజుల్లో ఆమె అందర్నీ అనుమానించిందట. మంచినీళ్లిచ్చిన మనిషి మీదే గ్లాసు విసిరిందట. అన్నీ 'అట'లే, ఆమెకేమీ గుర్తులేదు. అంతకు ముందు ఏళ్ల జ్ఞాపకాలకి కూడా చిల్లులు పడ్డాయి.

ఈ గదిలో ఒకప్పుడు బోలెడంత నవ్వు ఉండేదని మాత్రం ఆమెకి అనిపించేది. ఎవరి నవ్వో తెలీదు. అయినా ఆ రోజుల మీద బెంగగా ఉండేది.

అంతలో కుట్టూడినావిడ వచ్చింది.

దర్జీ పెట్టిన పేరే అది. వారం తిరిగేసరికి ఏదో ఒక జాకెట్టుకి కుట్టు ఊడిందంటూ దిగిపోతుంది మరి.

"కుట్లు మీరే ఊడదీసుకుని కూర్చుంటారా ఏమిటి?"

"నాదసలే మోటు ఒళ్లమ్మా. ఏదీ ఆగదు."

ఆవిడ స్టూలు లాక్కుని ఎప్పట్లాగే ఆ నాలుగు గుర్తుల మధ్యే కూర్చుంది.

"ఇటు కూర్చోండి, గాలొస్తుంది."

"ఇక్కడే బావుంది."

మిషన్ కదిలింది. కాసేపటికి దర్జీ చెయ్యి తనంతట తనే పక్కకి వెళ్లింది.

అందులోకి కత్తెర వచ్చి పడింది. పిడి సరిగ్గా వేళ్లలో ఇమిడింది.

దర్జీ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"దర్జీ చెయ్యి చాస్తే ఇంకేం అడుగుతుంది? కానీవే..." ఆవిడ నాలిక కరుచుకుంది. "కానీండి."

దర్జీకి ఒళ్లు మండింది. "జబ్బుమనిషితో ఆటలాడకండి. ఈ అలవాటు మానుకోలేక నేను చస్తున్నాను. ఇకమీదట మీ జాకెట్లు ఇంకెక్కడైనా ఇచ్చుకోండి."

ఆవిడ కత్తెర వంక ఒకసారి చూసి గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రాలేదు. కుట్టిన జాకెట్టు కొక్కేనికే వేలాడింది. దాన్ని చూసినప్పుడల్లా దర్జీ నొచ్చుకునేది. ఈసారి వస్తే ముందు క్షమించమని అడగాలనుకుంది.

ఒక సాయంత్రం భర్త ఎర్రబడ్డ కళ్లతో వచ్చి కూలబడ్డాడు.

"కుట్టూడినావిడ పోయింది. గుండె ఆగిపోయిందట."

"అయ్యో! ఆవిడ మీకు ముందే తెలుసా?"

"ఆస్పత్రిలో నువ్వు గ్లాసు విసిరింది ఆవిడ మీదే. 'నా సంగతి ఎత్తితే మళ్లీ బెదిరిపోతుంది అన్నయ్యా, తనకై తనకి గుర్తొచ్చేదాకా చెప్పొద్దు' అని నాచేత ఒట్టేయించుకుంది. నిన్ను చూడాలనే ఆ కుట్లు ఊడదీసుకుని వచ్చేది."

దర్జీ గచ్చు వైపు చూసింది.

"అవి బల్ల గుర్తులు కావు, నీ పక్కనే కూర్చుని కుట్టే ఆవిడ మిషన్‌వి," అన్నాడు భర్త. "మీ ఇద్దరికీ ఉన్న మంచి కత్తెర ఒక్కటే, జబ్బుకి ముందు అన్నేళ్లూ నువ్వు చెయ్యి చాచినప్పుడల్లా దాన్ని అందించింది ఆవిడే."