ఐదూ నలభై బస్సు

"ఆ నాలుగు లైన్ల జోలికి మాత్రం రావొద్దమ్మాయ్. చెబుతున్నా!"

బాబాయ్ గొంతు పెంచడం ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ వినలేదు. పక్క టేబుళ్ళ మీద కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. టీం లీడర్ అమ్మాయి కుర్చీ ఇటు తిప్పి, కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుంది.

"పనికిరానిదంతా ఊడ్చి పారేద్దాం అన్నది మీరేగా బాబాయ్?"

అన్న మాట నిజమే. ఊళ్ళో బస్సులన్నిటినీ నడిపించే ఆ ప్రోగ్రాం పాతికేళ్ళుగా పెరిగి పెరిగి కొండంత అయింది. టిక్కెట్ల వాళ్ళు, స్టాపుల్లో బోర్డుల వాళ్ళు, ఫోన్ యాప్ వాళ్ళు అందులోంచి తలో ముక్కా కాపీ కొట్టుకుని, ఒక తప్పు దొరికితే నాలుగు చోట్ల దిద్దుకోలేక తలలు పట్టుకుంటున్నారు. అందుకని అందరికీ పనికొచ్చే కోడ్‌ని వారానికో ముక్క చొప్పున విడదీసి ఒకే లైబ్రరీలో పెడుతున్నారు. ముక్క బయటికి తీయడం, పరీక్షించడం, పాతది చెరిపేయడం. ఏడు నెలలుగా ఇదే పని. ఇవాళ టైము లెక్కల వంతు వచ్చింది. వాటి అడుగున బయటపడ్డాయి ఆ నాలుగు లైన్లు. సాయంత్రం ఐదూ నలభై బస్సు కుట్టు ఫ్యాక్టరీ స్టాపులో నాలుగు నిమిషాలు అదనంగా ఆగాలట! పైన ఎప్పుడో బాబాయ్ రాసుకున్న హెచ్చరిక కూడా ఉంది: "దీన్ని ఎవరూ కదపొద్దు."

"లైబ్రరీ అంటే అందరిదీ. ఒక్క స్టాపు గొడవ అందులో ఎలా పెడతాం? పైగా ఆ ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయింది. ఆ టైముకి అక్కడ ఎక్కే నాథుడే లేడు. డ్రైవర్లు ఆ నాలుగు నిమిషాలూ కునుకు తీస్తున్నారట. అసలు ఎవరి కోసం బాబాయ్ ఇది?"

బాబాయ్ శుక్రవారం రిటైరవుతున్నాడు. ఇంకా దాచి ఏం లాభం అనుకున్నాడు.

"మీ పిన్ని కోసం," అన్నాడు మెల్లగా.

అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇరవై రెండేళ్ళ కిందటి మాట. మీ పిన్ని ఆ ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టేది. ఐదూ నలభైకి గంట కొట్టేవాళ్ళు. సరిగ్గా ఐదూ నలభైకే బస్సు కదిలేది. కత్తెర అప్పజెప్పి, సంతకం పెట్టి గేటు దాటేసరికి బస్సు వెనకభాగం కనిపించేది. రోజూ పరుగే. ఓ రోజు చెప్పు తెగి పడింది. మోకాలు చీరుకుపోయి, కుంటుకుంటూ ఇంటికొచ్చింది. బస్సు వేళ మార్చమని పైవాళ్ళని మూడుసార్లు అడిగా. నీ పెళ్ళాం కోసం టైంటేబుల్ మార్చాలా అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఇది రాసేశా. డ్రైవరు ముందు బయల్దేరమనే పచ్చదీపం నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెలుగుతుంది, అంతే."

"పిన్నికి చెప్పారా?"

"చెబితే ఫ్యాక్టరీ అంతా టముకు వేసేది. నా ఉద్యోగం ఊడేది! నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. కానీ ఆ వారం నుంచి బస్సు తప్పిపోయిందన్న మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదమ్మాయ్. నాకదే చాలు."

ఆ కొండలో ఆయన రాసినవి వేల లైన్లు. అన్నీ ఎవరెవరో తిరగరాసేశారు. మిగిలినవి ఈ నాలుగే.

అమ్మాయి తెర మీద ఆ నాలుగు లైన్లూ మళ్ళీ చదివింది.

"బస్సుని ఆపే పద్ధతిని లైబ్రరీలో పెడదాం బాబాయ్. అది ఏ స్టాపుకైనా పనికొస్తుంది. ఎక్కడ ఆగాలన్నది బయట జాబితాలో రాద్దాం. మొదటి పేరు మీ స్టాపుదే. కానీ ఒక షరతు. ఇవాళ ఇంటికెళ్ళి పిన్నికి చెప్పండి. ఆవిడ తీసెయ్యమంటే తీసేస్తా. ఉంచమంటే, నేనున్నన్నాళ్ళూ ఉంటుంది."

సాయంత్రం బాబాయ్ పనిగట్టుకుని ఆ బస్సే ఎక్కాడు. ఫ్యాక్టరీ గేటుకి తుప్పు పట్టింది. బస్సు ఆగింది. డ్రైవరు ఆవులించాడు. ఎవరూ ఎక్కలేదు. అయినా బాబాయ్‌కి ఆ గేటులోంచి ఎవరో చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తున్నట్టే ఉంది. ఈ నాలుగు నిమిషాలూ నావి అనుకున్నాడు గర్వంగా. ఇంటి స్టాపు రాగానే కళ్ళు తుడుచుకుని దిగాడు.

ఆవిడ శుక్రవారం వీడ్కోలు సభకి ఆయన వేసుకోవాల్సిన చొక్కాకి గుండీ కుడుతోంది.

"ఇదిగో, నీకా ఐదూ నలభై బస్సు గుర్తుందా? మీ ఫ్యాక్టరీ దగ్గరిది?"

"ఎందుకు గుర్తులేదూ! మోకాలి మీద మచ్చ ఇంకా అలాగే ఉంటేనూ!" ఆవిడ పంటితో దారం తెంపింది. "పడ్డ రోజే ఒట్టు పెట్టుకున్నా, చచ్చినా మళ్ళీ దాని మొహం చూడనని. మర్నాటి నుంచి వెనక గేటులోంచి ఆడవాళ్ళమంతా కబుర్లాడుకుంటూ నడిచొచ్చేసేవాళ్ళం. ఎంత హాయిగా ఉండేదో!"

కింద పడ్డ దారం ముక్కని బాబాయ్ వంగి ఏరాడు.

"విడ్డూరమేంటంటే, కాలవ వంతెన ఎక్కి చూస్తే ఆ బస్సు రోజూ గేటు ముందే నిలబడి ఉండేది. నేను పరిగెత్తినన్నాళ్ళూ ఒక్క క్షణం ఆగి చచ్చిందా!" ఆవిడ చొక్కా దులిపి ఆయన భుజాలకి ఆనించి కొలత చూసింది. "అవునూ, దాన్ని నడిపేది మీ ఆఫీసువాళ్ళేగా! ఇంతకీ ఏ మహారాణి కోసం ఆపేవాళ్ళో మీకేమైనా తెలుసా?"