సిలికాన్ ముక్క ఆయుష్షు

ఆఫీసు పెద్దాయన గుండుసూదితో పళ్లు కుట్టుకుంటూ, అదే సూదితో కంప్యూటర్ తెర మీద గీతను పొడిచి చూపించాడు.

"ఇదేంటయ్యా? కింది అంతస్తులో ఆవిడ కొలత తూర్పు, నీ లెక్క పడమర. రేపు కమిటీ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

సూది మొన తగిలిన చోట తెర మీద తడి చుక్క నిలిచింది. లెక్కల తమ్ముడి చూపు దాని మీదే ఉంది. ఆయన వెళ్లాక ఆ చుక్కను తుడవాల్సింది తనే.

ఆ ఆఫీసులో అందరూ అతన్ని లెక్కల తమ్ముడనే పిలిచేవారు. అతని సరుకు సిలికాన్ ముక్కల ఆయుష్షు. కణాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించే పెద్ద యంత్రంలో, ఢీ జరిగే చోటికి మరీ దగ్గరగా పలచటి సిలికాన్ సెన్సర్లు పెడతారు. రేయింబవళ్లు కణాల దెబ్బలు తిని సిలికాన్‌లో గుంటలు పడతాయి. కబురు మోసుకుపోయే ఎలక్ట్రాన్ ఆ గుంటలో పడిందంటే ఇక కబురు చేరదు. గుంటలు పెరిగేకొద్దీ సెన్సర్‌కు చెవుడు వస్తుంది. యంత్రాన్ని ఒకసారి మూశాక పదేళ్లదాకా తెరవరు.

పదేళ్లు వాడి చూసి కొనే సరుకు కాదిది. అందుకే రెండు తక్కెళ్లు పెట్టుకున్నారు. ముక్కను రియాక్టర్‌లో పెట్టి, పదేళ్ల దెబ్బలు కొద్దిరోజుల్లోనే తినిపించి, తెచ్చి కొలవడం ఒకటి. అది కింది అంతస్తులో కొలతల అక్క పని. అవే దెబ్బలను కంప్యూటర్‌లో కొట్టి చూడటం రెండోది. అది తమ్ముడి పని. రెండు తూకాలూ కలిస్తేనే సరుకు నమ్మకమైనది.

పోయినేడాది తమ్ముడి మొదటి లెక్క పదేళ్లనే అంది. తప్పులు ఏరేకొద్దీ ఆ లెక్కలో ముక్క ఆయుష్షు తరుగుతూ వచ్చింది. ఇప్పుడది సగం దారిలోనే చెవుడు ఖాయమంటోంది. అక్క కొలత మాత్రం పదేళ్లూ నిక్షేపంగా ఉంటుందంటోంది.

"సార్, నా లెక్కే నిజమైతే నడుమంత్రాన యంత్రం పడకేస్తుంది. ఇంకో ముక్క కొలిపిద్దాం."

"ఇంకో ముక్కా? రియాక్టర్ ఏమైనా మీ మేనమామదా, అడగ్గానే ఇవ్వడానికి? వరుసలో నిలబడితే మన వంతు వచ్చేసరికి ఏడాది." పెద్దాయన చెవిలో చిటికెనవేలు గిరగిరా తిప్పుకున్నాడు. "చూడూ, కొలత దేవుడిచ్చింది. లెక్క నువ్వు చేసింది. దేవుణ్ని వంచలేం. నీ గీతను వంచు. రేపటికి రెండూ కలవకపోతే ఎల్లుండి నీకిక్కడ కుర్చీ ఉండదు."

వేలిని తమ్ముడి గీతల కాగితానికే తుడిచి లేచాడు.

తమ్ముడు తనలో తనే బేరం మొదలుపెట్టాడు. అక్కది ఆరితేరిన చేయి. వెంట్రుక కన్నా సన్నటి తీగను ఊపిరి బిగబట్టి అతికించే మనిషి. ఆవిడిచ్చిన గీత దువ్వినట్టు నున్నగా ఉంది. అలాంటి చేయి తప్పుతుందా? తప్పితే తన లెక్కే తప్పి ఉండాలి. ఇది నమ్మకమో, కుర్చీ మీద ఆశో, ఆ తూకం మాత్రం అతను వేయలేదు.

మొదట గుంటల సంఖ్య తగ్గించాడు. కబురు మోసే సంకేతం కలిసింది, ముక్కలోంచి లీకయ్యే కరెంటు కలవలేదు. అది సర్దితే ఓల్టేజీ ఎగిరిపోయింది. తలకు చాలితే కాళ్లకు చాలని దుప్పటి. చివరికి, దారిన పోయే ఎలక్ట్రాన్‌ను గుంట ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె మీద చేయి వేశాడు. ఏ సిలికానూ ఒప్పుకోని చోటికి దాన్ని ఈడ్చుకెళ్లాడు. ఇప్పుడు గుంటలున్నాయి, పడేవాళ్లే లేరు.

గీత మీద గీత వచ్చి కూర్చుంది.

కుళ్లిన పండుకు మైనం రాసి అంగట్లో పెట్టినట్టనిపించింది. వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. వచ్చి కీబోర్డు ముట్టుకోగానే మళ్లీ జిడ్డు.

మర్నాడు కమిటీ పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని రెండు గీతలనూ చూసింది.

"అచ్చు గుద్దినట్టుందే! ఇంకేం కావాలి? ఈ సెన్సర్లే వేయండి."

చప్పట్లు మోగాయి. పెద్దాయన నోటినిండా బిస్కెట్ నములుతూనే తమ్ముడి భుజం మీద చేయి వేశాడు. "మావాడు! నేనే తయారుచేశాను!" తడిసిన పొడి తమ్ముడి కాలర్ మీద పడింది. దులిపితే రాలలేదు, అంటుకుంది.

అతను తిన్నగా కింది అంతస్తుకు దిగాడు. స్పిరిట్ వాసన కొట్టే గదిలో అక్క ఒక్కతే ఉంది.

"అక్కా, నీతో చెప్పకపోతే నాకు తిండి సహించదు. నీ కొలతతో కలపడానికి లెక్కలో అడ్డమైన అంకె పెట్టాను. నువ్వు కష్టపడి తెచ్చిన నిజానికి నా చెత్త అంటించాను. నన్ను చూస్తే నాకే రోతగా ఉంది. తిట్టు, పడతాను."

అక్క తొడుక్కున్న గ్లవ్స్ మెల్లగా ఊడదీసి స్టూలు మీద కూలబడింది.

"అంటే... నీ లెక్క కూడా పదేళ్లనే అనలేదా?"

"ఎక్కడక్కా? అందులో సగం కూడా అనలేదు."

ఆవిడ ఊడదీసిన గ్లవ్స్‌ను ఒళ్లో ఉండచుట్టింది.

"రియాక్టర్ నుంచి వచ్చిన ముక్క, కొలవకముందే, పెట్టెలోంచి తీస్తుంటేనే పుటుక్కుమంది తమ్ముడూ, ఎలాగూ కలవాల్సినవేగా అని పోయినేడాది నువ్వు పంపిన నీ మొదటి లెక్కనే కాస్త అటూ ఇటూ కదిపి, ఇదే కొలత అని ఇచ్చేశాను."