అర నిమిషం పని

"అప్పుడే కనిపించేదా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి సార్," అంటూ ఆవిడ ఈసీజీ కాగితాన్ని ప్రొఫెసర్ బల్ల మీద పరిచింది.

పిల్లల గుండె లయ ఎందుకు తప్పుతుందో తేల్చడానికే ముప్ఫై ఏళ్లు ధారపోసిన మనిషాయన. ఇదే ప్రశ్న చాలామంది తల్లుల నోట విన్నాడు. కళ్లజోడు సర్దుకుని, సొరుగులోంచి డివైడర్ తీశాడు.

"బాబుకి ఎన్నేళ్లమ్మా?"

"తొమ్మిది. బళ్లో పరుగు పందెంలో కళ్లు తిరిగి పడ్డాడు. అప్పుడు తీసింది ఇది. పొద్దున ఏమీ తినకుండా వెళ్లాడు, నీరసం అనుకున్నాం."

"తర్వాత?"

"మూడు నెలలకి... ఈత కొలనులో." కాగితాన్ని ఆయన వైపు ఇంకాస్త జరిపింది. "ఇంట్లో అందరూ వాడి రాత అంటున్నారు. మా ఆయన కూడా. రాతో కాదో మీరే చెప్పాలి."

ఆయన ఓ అల మొదలు నుంచి ఇంకో అల చివరిదాకా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి అక్కర్లేకపోయింది. కాగితం కింద 'నార్మల్' అని రాసి, కోడి కెలికినట్టు ఓ సంతకం ఉంది.

అబద్ధం చెబితే ఈవిడకి కాస్త నిద్రైనా పడుతుందేమో అనిపించింది. కానీ నిజం కోసమే ఇంత దూరం వచ్చిన మనిషి.

"గుండె లయలో లోపం ఇందులో స్పష్టంగా కనిపిస్తోందమ్మా. రోజూ ఓ మాత్ర వేసి, ఈతకి పంపకుండా ఉంటే బాబు మనకి దక్కేవాడేమో."

ఆవిడ ఏడవలేదు. "మామూలు డాక్టరుకి తెలుస్తుందా సార్ ఇది?"

"తెలియకపోవడమేంటి! ఏటా క్లాసులో గొంతు చించుకుని నేనే చెబుతాను ఈ పాఠం. కొలిస్తే అర నిమిషం పని. బద్ధకం, అంతే!" ఆయన కోపంగా కలం మూత తీశాడు. తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. "ఇలాంటివాళ్లని ఊరికే వదలకూడదు. ఫిర్యాదు నేనే రాసిస్తాను. సాక్ష్యానికీ నేనే వస్తాను."

"రాయండి సార్."

"ఆ డాక్టరు పేరు చెప్పండి."

ఆవిడ చెప్పింది. ఆయన కలం నొక్కిపట్టి రాశాడు.

"ఫిర్యాదు చేసే తల్లి పేరు?"

"అదే సార్, ఇప్పుడు మీరు రాసింది."