తోడు నక్షత్రం

“ఆపేయండి సిస్టర్! సూది తీసేయండి!” నిండు గర్భిణి చెయ్యి లాక్కోబోయింది. గొట్టంలో ముదురు గోధుమరంగు మందు చుక్కచుక్కగా దిగుతోంది.

“మీ రక్తంలో ఇనుము అడుగంటిందమ్మా. ఇదెక్కకుండా కాన్పుకి వెళ్తే ప్రమాదం,” అంది నర్సు.

“ఎక్కుతుంటేనే గుండె దడదడలాడుతోంది. నేను బతకను అత్తయ్యా.”

అత్త ఆ చెయ్యి అదిమి పట్టుకుంది. కోడలు నక్షత్రశాలలో రోజూ జనానికి ఆకాశం చూపించి కథలు చెప్పే మనిషి. మాటల్లో పెడితే కుదుటపడుతుందనుకుంది.

“ఇంతకీ ఈ ఇనుము ఎక్కడిదే?”

“మందుల షాపుది.”

“వెటకారం తగ్గలేదు, బతుకుతావులే. సరిగ్గా చెప్పు.”

“ఆరిపోయిన తెల్లని చిన్న నక్షత్రం ఒకటి, పక్కనున్న తోడు నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటుంది. లాక్కుని లాక్కుని, మోయలేక పేలిపోతుంది. మనలో ఉన్న ఇనుము చాలావరకు అలాంటి మంటల్లో పుట్టి, చెదిరి, ఇక్కడిదాకా వచ్చిందే.” ఆమె పొట్ట వైపు చూసుకుంది. “లోపలున్నదీ నన్ను అలాగే లాగేస్తోంది.”

“మరి ఆ తోడు నక్షత్రం ఏమైంది?”

నక్షత్రశాలలో ఆ మాట ఎవరూ అడగలేదు. “అది... ఒక్కోసారి మిగులుతుందంటారు.”

“చూశావా! ఇచ్చింది మిగిలింది.”

కోడలి ముఖంలో నెత్తురుచుక్క లేదు. లాక్కున్న నక్షత్రమే ఆనవాలు లేకుండా పోతుంది; తన పోలికలో అది కడుపులోని బిడ్డ. ఆ సంగతి ఆమె ఇన్నాళ్లూ నవ్వుతూ చెప్పింది.

లాక్కోవడం మాని చెయ్యి మంచం మీద చాపింది.

“సిస్టర్, సీసాలో ఒక్క చుక్క కూడా వదలకండి. బిడ్డకి చాలాలి.”