పావుగంట దూరం

బకెట్లో నానిన చొక్కాల్ని ఆమె మూడోసారి జాడించింది. ఎర్రమట్టి వదలడం లేదు. పిండేకొద్దీ నీళ్ళు ఎర్రబడుతున్నాయి తప్ప చొక్కాలు తెల్లబడటం లేదు.

హాల్లో టీవీ ముందు అత్తగారు సర్దుకుని కూర్చుంది.

"ఇదిగో అమ్మాయ్, వాడొచ్చే టైమైంది. ఆ చప్పుడు కాస్త ఆపు."

వాడంటే ఆవిడ కొడుకు, ఈమె భర్త, ఊరందరికీ మాస్టారు. మొన్నటిదాకా బళ్ళో సైన్సు పాఠాలు చెప్పేవాడు. ఇప్పుడు అంగారకుడి సంగతులు చెబుతున్నాడు. ఖగోళ సంఘం వాళ్ళు ఏరికోరి ఆయన్నే ఎంచుకున్నారు. మామూలు మనిషి అంగారకుడి మీద ఎలా బతుకుతాడో, ఆకాశం వైపు ఎన్నడూ తలెత్తి చూడని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా రోజూ చూపించాలి. అదీ పని.

మిషన్ మొదలైన రోజున చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. భార్య కళ్ళు తుడుచుకుంటున్న ఫొటో పేపర్లో పెద్దగా వచ్చింది. ఉల్లిపాయలు తరుగుతున్న మనిషిని పిలుచుకొచ్చి నిలబెట్టారని మాత్రం ఎవరూ రాయలేదు.

టీవీలో మాస్టారు తెల్లటి సూటులో ప్రత్యక్షమయ్యాడు. కాళ్ళ కింద ఎర్రటి నేల, అక్కడక్కడా రాళ్ళు. ప్రశ్న చదివాడు.

"అక్కడ మీ బరువెంత అని ఒక చిన్నారి అడిగింది. మంచి ప్రశ్న! భూమ్మీద తూగేదాంట్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అంతే!"

"ఇంట్లో మోసిన బరువు అంత కూడా లేదు," అంది ఆమె.

"ఏంటే గొణుగుతున్నావ్?"

"చొక్కా బరువుగా ఉందంటున్నానత్తయ్యా."

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. దూరపు ఊళ్ళో ఇంకో దుకాణం తెరుస్తున్నారు. దాన్ని ఆమెకే అప్పగిస్తామన్నారు. సాయంత్రం ఓనరు కారు అటే వెళ్తోంది. వస్తే అందులో రావాలి, లేకపోతే ఇంకొకరిని పంపుతారు.

ఆయన ఉండమంటే ఉండిపోదామని ఆమెకుంది. వెళ్ళమంటే వెళదామనీ ఉంది. ఏదో ఒకటి ఆయన అనాలి.

పొద్దున్నే ఫోన్లో అడిగింది. "ఏవండీ, కొత్త షాపు నాకిస్తారట. సాయంత్రంలోగా చెప్పాలి. వెళ్ళనా, వద్దా?"

అంగారకుడికి మాట చేరాలంటే పావుగంట. అక్కణ్ణుంచి జవాబు రావాలంటే ఇంకో పావుగంట. కాంతి కంటే వేగంగా ఏదీ పోలేదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరు. మాస్టారు మొదటి రోజే ఈ సంగతి అందరికీ విడమరిచి చెప్పాడు. అందరూ ఆశ్చర్యపోయారు, ఆమె తప్ప. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే మర్నాడు చెప్పే మనిషితో ఆమె ఇన్నేళ్ళు కాపురం చేసింది. అంగారకుడి పుణ్యమా అని ఆయన అరగంటకు దిగాడు.

అన్నట్టే అరగంటకు జవాబొచ్చింది. "ప్రశ్న అందింది. వరసలో ఉంది."

వరసలో తనకంటే ముందు ఎవరున్నారో టీవీ చూస్తే తెలిసింది. హెల్మెట్ లోపల తుమ్మొస్తే ఏం చేస్తారని ఒక రిటైరైన పెద్దాయన అడిగాడు. ఆయనకు బొమ్మలు గీసి మరీ జవాబు చెబుతున్నాడు మాస్టారు.

"అత్తయ్యా, మీరైనా ఆయన్ని ఒక్క మాట అడగండి."

"చాల్లే! వాడక్కడ ఒంటరిగా, గాలీ నీరూ లేనిచోట లోకానికి పాఠం చెబుతుంటే, మధ్యలో నీ షాపు గొడవొకటా? తిరిగొచ్చాక తీరిగ్గా మాట్లాడుకోండి."

"తిరిగొచ్చేసరికి కారు వెళ్ళిపోతుంది."

"కార్లు బోలెడు. అంగారకుడి మీదున్న మొగుడు ఎంతమందికి దొరుకుతాడే?"

నిజమే మరి. ఎంతమందికి దొరుకుతాడు!

ఆమె చొక్కాలు ఆరేసింది. వంట చేసింది. ఎప్పట్లాగే ముగ్గురికి సరిపడా చేసింది. ఎప్పట్లాగే ఏమీ మిగల్లేదు. భోజనాలయ్యాక అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మూలిగింది. ఈ మిషన్ మొదలైన దగ్గర్నుంచీ ఆవిడకు ఆ నొప్పులు ఎక్కువయ్యాయి.

మధ్యాహ్నం ఆమె మళ్ళీ ఫోన్ తీసింది. "ఉండమంటే ఉంటానండీ. ఒక్క మాట చెప్పండి చాలు."

అరగంటైంది. గంటైంది. ఏమీ రాలేదు. సాయంత్రం టీవీలో మాస్టారే వచ్చాడు.

"వెళ్ళనా వద్దా అని ఒకావిడ అడిగారు. చాలా మంచి ప్రశ్న!"

అత్తగారు ఎగిరినంత పని చేసింది. "చూశావా! నీది కూడా చదివాడు. ఊరికే ఆడిపోసుకుంటావు వాణ్ణి."

ఆమె తలుపు పట్టుకుని నిలబడి వింది.

"అంతరిక్షంలోకి కుతూహలం ఉన్నవాళ్ళెవరైనా రావచ్చు," అన్నాడు మాస్టారు ఉత్సాహంగా. "ముందు దూరమంటే భయం పోవాలి. సామాను తేలిగ్గా ఉండాలి. మిగతా సంగతులు రేపు చెప్పుకుందాం!"

ఆమెకు దూరమంటే భయం పోయింది. లోపలికెళ్ళి చిన్న సూట్‌కేసు సర్దుకుంది. ఆయన చెప్పినట్టే అది తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళ సంసారంలో తనవని చెప్పుకునే వస్తువులు అంత తక్కువగా ఉంటాయని ఆమె అనుకోలేదు.

బయట కారు హారన్ మోగింది. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. అత్తగారికి కునుకు పట్టింది. ఆమె ఫోన్లో 'వెళ్తున్నానండీ' అని కొట్టి, చెప్పులేసుకుంది.

ఆమె ఆరేసిన చొక్కాల పక్కనుంచి గేటు దాటి వెళ్ళిపోతుంటే, 'ఆగవే' అని అరవడానికి మిషన్ నియమం ప్రకారం ఇంకా పావుగంట ఉంది గనక, మాస్టారు ఎర్రమట్టి పరిచిన మేడమీది గది కిటికీలోంచి హెల్మెట్ అయినా తీయకుండా చూస్తూ నిలబడ్డాడు.